గుంజ కదిలినంక గాలికి ఎదురు పోవద్దు

హైదరాబాద్ హుస్సేన్‌సాగర్‌ల తెల్ల తెరచాపలు తిరుగుతుంటె పెద్దోళ్ల ఆట లెక్క కనవడ్తది. కానీ అండ్ల పేదింటి పిల్లలు గూడ ఉన్నరు. గసొంటి ఆటల బాగ నడిచే పడవ లేజర్. ఇప్పుడు ఐఎల్‌సీఏ అంటున్నరు. పొడుగు 4.2 మీటర్లు, ఒక్కరే నడపొచ్చు. 2021ల జరిగిన టోక్యో ఒలింపిక్స్‌ల మన దేశం నుంచి నేత్రా కుమనన్ పోటీ పడ్డది ఈ రకం పడవ మీదనే.

ఇండ్ల తెరచాప మోసే కర్రను మాస్ట్ అంటరు. దానికి పక్కల తాళ్ల ఆసరా ఉండది. డెక్‌ల ఉన్న గొట్టంల నిలవెడతరు, అంతే. పందిరి గుంజ లెక్కనే. గాలి నూకితే బలమంత గొట్టం అంచు మీద, అడుగు మీద పడ్తది. గుంజ కదిలితే గుంత పెద్దగైతది, గుంత పెద్దగైతే గుంజ ఇంకింత కదుల్తది. గొట్టంల ఇసుక వడితే అడుగు అరుగుతది.

మరి రిపేరు ఎప్పుడు చెయ్యాలె? ఒడ్డు మీదనే మూడు పరీక్షలున్నయి.

ఒకటి: మాస్ట్ తీసి గొట్టం నిండ నీళ్లు పొయ్యాలె. కొంచెం సేపటికి మట్టం దిగితే గొట్టం కారుతున్నట్టు. ఆ నీళ్లు పడవ కడుపులకే పోతయి.

రెండు: మాస్ట్ నిలవెట్టి ఒకరు అటూ ఇటూ ఊపాలె, ఇంకొకరు మొదలు దగ్గర చూడాలె. మాస్ట్‌తోని గొట్టం కదిలినా, డెక్ వంగినా, కిర్రుమన్నా గట్టి రోగమే.

మూడు: పగులు కొసలకు పెన్సిల్ గీత గీసి తారీఖు రాయాలె. పగులు గీత దాటితే అది పెరుగుతున్నట్టే.

పై పూతల వెంట్రుకంత గీత ఉండి, పెరగకుంటే, మిగిలిన రెండు పరీక్షలు మంచిగుంటే, తక్కువ గాలిల పోవచ్చు. ప్రతిసారి చూస్కోవాలె. కారినా, కదిలినా, పగులు పెరిగినా ఆ రోజు పడవ నీళ్లల్ల దిగొద్దు. పైన రంగు పూస్తే రోగం దాగుతది, పోదు. లోపల మొత్తం ఆరవెట్టి, గరుకు చేసి, ఫైబర్ గుడ్డ, ఎపాక్సీతోని అతకాలె. తడి మీద ఎపాక్సీ పట్టది.

"ఈ వారం పోటీ అయిపోనీ, తర్వాత చూద్దాం" అనే మాటనే అసలు ప్రమాదం. గొట్టం ఊడేది గాలి గట్టిగ కొట్టినప్పుడు. అప్పుడు పిల్లగాడు ఒడ్డుకు దూరంగ ఉంటడు. మాస్ట్ కూలుతది, డెక్ చీలుతది, నీళ్లు లోపలికొస్తయి. గప్పుడు కూడ పడవను వదిలి ఈదొద్దు, దాన్నే పట్టుకొని సాయం కోసం చూడాలె.

నా మాట ఒక్కటే. ఖర్చు లెక్క ఒడ్డు మీదున్నోళ్లు చూస్తరు, పానం లెక్క నీళ్లల్లున్నోళ్లది. అందుకే "ఇయ్యాల ఈ పడవ వద్దు" అనే హక్కు పిల్లలకుండాలె. గా మాటంటే పిరికోడని నవ్వొద్దు. పడవే కాదు, ట్రాక్టర్ ఎక్కినా, కరెంటు స్తంభం ఎక్కినా మనకు కావల్సింది గదే హక్కు.