దశమ భాగం: నేటి క్రైస్తవులకు అది విధా, స్వేచ్ఛార్పణా?

లక్ష్యాలు

ఈ పాఠ్యభాగాన్ని చదివిన తరవాత మీరు:
• పాత నిబంధనలో దశమ భాగం ఎవరు, దేనిలో నుంచి, ఎవరికి ఇచ్చేవారో వివరించగలుగుతారు.
• కొత్త నిబంధనలో ఇవ్వడాన్ని గురించిన బోధ ఏమిటో చెప్పగలుగుతారు.
• సంఘచరిత్రలో దశమ భాగం ఏయే రూపాలు తీసుకుందో గుర్తించగలుగుతారు.
• మెట్ట ప్రాంతపు కుటుంబానికి ఈ ప్రశ్న ఎలా ఎదురవుతుందో విశ్లేషించగలుగుతారు.

1. పరిచయం

దశమ భాగం అంటే రాబడిలో పదో వంతు. దానిని దేవునికి చెందినదిగా వేరు చేసి సమర్పించడం పాత నిబంధన కాలపు ఆచారం. నేటి క్రైస్తవులు కూడా దానిని తప్పక ఇవ్వాలా అనే విషయంలో సంఘాల మధ్య ఏకాభిప్రాయం లేదు.

ఇది కేవలం గ్రంథచర్చ కాదు. కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో ఉన్న ఓర్వకల్లు వంటి మండలాన్ని తీసుకోండి. ఇక్కడ సేద్యం ఎక్కువగా వానపైన ఆధారపడింది. క్రైస్తవ కుటుంబాలలో చాలావరకు దళితులు, చిన్న రైతులు, కౌలుదారులు, కూలీలు. పంట చేతికి రాని ఏడాది కూడా పదో వంతు ఇవ్వకపోతే శాపం తగులుతుందని ఒక బోధకుడు చెబితే, ఆ మాట వడ్డీకి తెచ్చిన డబ్బు దాకా వెళుతుంది. ఇవ్వడం మనసుకు సంబంధించిన విషయం, లెక్క అక్కరలేదని మరొకరు చెబితే, గ్రామ సంఘ కాపరి ఇంట్లో పొయ్యి వెలగదు. ఈ రెండు పరిస్థితులనూ మనసులో ఉంచుకొని పాఠాన్ని చదవండి.

2. పాత నిబంధనలో దశమ భాగం

2.1 ధర్మశాస్త్రానికి ముందు

ఆదికాండము 14వ అధ్యాయంలో అబ్రాము యుద్ధంలో గెలిచి తిరిగి వస్తూ షాలేము రాజైన మెల్కీసెదెకుకు పదో వంతు ఇచ్చాడు. 28వ అధ్యాయంలో యాకోబు తనను క్షేమంగా తిరిగి తీసుకువస్తే పదో వంతు ఇస్తానని మొక్కుకున్నాడు. ధర్మశాస్త్రానికి ముందే ఉంది కనుక దశమ భాగం అన్ని కాలాలకూ వర్తిస్తుందని కొందరు వాదిస్తారు. అయితే అబ్రాము ఇచ్చినది యుద్ధంలో దొరికిన సొత్తులో నుంచి. అలా ఇచ్చిన సందర్భం గ్రంథంలో అదొక్కటే. యాకోబుది షరతుతో కూడిన మొక్కుబడి. రెండు చోట్లా దేవుని ఆజ్ఞ కనిపించదు. పైగా బలులు, సున్నతి కూడా ధర్మశాస్త్రానికి ముందే ఉన్నాయి. వాటిని క్రైస్తవులు పాటించడం లేదు. కాబట్టి ముందునుంచి ఉండటం ఒక్కటే విధికి ఆధారం కాజాలదు.

2.2 ధర్మశాస్త్రంలో

లేవీయకాండము 27వ అధ్యాయం భూమి పంట, చెట్ల ఫలాలు, పశువుల మందలలో పదో వంతు యెహోవాదని చెబుతుంది. మంద కోల కింద దాటుతుంటే పదోదిగా వచ్చిన పశువును వేరు చేసేవారు. కూలీ సంపాదన, చేతిపని రాబడి ఇక్కడ ప్రస్తావనకు రావు. ఇచ్చేవాడు భూమి, మంద ఉన్నవాడు.

పుచ్చుకొనేవారు ఎవరు? సంఖ్యాకాండము 18వ అధ్యాయం ప్రకారం లేవీయులు. వారికి భూమిలో స్వాస్థ్యం లేదు గనుక ఇది వారి జీవనాధారం. వారు కూడా తమకు వచ్చిన దానిలో పదో వంతు యాజకునికి ఇవ్వాలి. ద్వితీయోపదేశకాండము 14వ అధ్యాయం మరో సంగతి చెబుతుంది. కుటుంబం దశమ భాగాన్ని ఆరాధనా స్థలానికి తీసుకువెళ్లి అక్కడ దేవుని సన్నిధిలో తానే తిని సంతోషించాలి. మూడో ఏట మాత్రం దానిని ఊళ్లోనే ఉంచి లేవీయులకు, పరదేశులకు, తండ్రిలేనివారికి, విధవరాండ్రకు పెట్టాలి.

యూదు పండితులు ఈ భాగాలను కలిపి వేర్వేరు దశమ భాగాలుగా లెక్కించారు. మొదటిది ప్రతి ఏటా లేవీయులది. రెండోది 1, 2, 4, 5 సంవత్సరాలలో పండుగకు. 3, 6 సంవత్సరాలలో పేదలకు. భూమిని బీడు ఉంచే 7వ ఏట ఏమీ లేదు. అంటే ధర్మశాస్త్రాన్ని అక్షరాలా పాటిస్తే ఇవ్వవలసినది ఏటా 10 శాతం కాదు. ఆరేళ్లు సుమారు 20 శాతం, ఏడో ఏట సున్నా. నేడు ధర్మశాస్త్రం పేరుతో బోధించే 10 శాతం ఆ శాస్త్రంలోని లెక్క కాదని గమనించాలి.

2.3 మలాకీ గ్రంథం

దశమ భాగంపై ప్రసంగాలకు ఎక్కువగా ఆధారమయ్యేది మలాకీ 3వ అధ్యాయం, 8 నుంచి 10 వచనాలు. దశమ భాగాన్ని ఆపడం దేవుని సొత్తు దొంగిలించడమేనని ప్రవక్త గద్దిస్తాడు. నిండుగా తెస్తే ఆశీర్వాదం కుమ్మరిస్తానన్న వాగ్దానం ఉంది. ఇక్కడ చెప్పిన మందిరపు నిధి ధాన్యం నిల్వచేసే కొట్టు. ఆ కొట్టు ఖాళీ అయితే ఏమవుతుందో నెహెమ్యా 13వ అధ్యాయంలో ఉంది: లేవీయులు సేవ మాని తమ పొలాలకు వెళ్లిపోయారు.

అదే మలాకీ 3వ అధ్యాయం 5వ వచనాన్ని కూడా చదవాలి. కూలివాని కూలి విషయంలో అన్యాయం చేసేవారికి, విధవరాండ్రను, తండ్రిలేనివారిని బాధపెట్టేవారికి దేవుడు వ్యతిరేకంగా నిలుస్తాడని అందులో ఉంది. 8వ వచనాన్ని విధవరాలిపై ప్రయోగించి 5వ వచనాన్ని వదిలేయడం గ్రంథానికి న్యాయం చేసే పఠనం కాదు.

3. కొత్త నిబంధనలో

యేసు దశమ భాగాన్ని ప్రస్తావించిన ముఖ్య సందర్భం మత్తయి 23:23. పుదీన, సోపు, జీలకర్రలో కూడా పదో వంతు ఇస్తూ న్యాయాన్ని, కనికరాన్ని, విశ్వాసాన్ని విడిచిన పరిసయ్యులను ఆయన మందలించాడు. వీటిని చేస్తూ వాటిని మానకుండా ఉండవలసిందన్నాడు. విధి అనేవారు ఈ చివరి మాటను పట్టుకుంటారు. కాదనేవారు, ఆలయం నిలిచి ఉన్న రోజులలో ధర్మశాస్త్రం కింద ఉన్న యూదులతో అన్న మాట అది అంటారు. ఆ ఆలయం క్రీ.శ. 70లో ధ్వంసమైంది.

యూదులుకాని విశ్వాసులు ధర్మశాస్త్రంలో దేనిని పాటించాలన్న ప్రశ్న అపొస్తలుల కార్యములు 15వ అధ్యాయంలో సూటిగా చర్చకు వచ్చింది. వారికి పంపిన లేఖలో నాలుగు విషయాలున్నాయి. దశమ భాగం వాటిలో లేదు. హెబ్రీ పత్రిక 7వ అధ్యాయం మెల్కీసెదెకు కథను చెబుతుంది గాని, క్రీస్తు యాజకత్వం లేవీయుల యాజకత్వం కంటె గొప్పదని నిరూపించడమే దాని ఉద్దేశం.

పౌలు ఏమి నేర్పాడు? 1 కొరింథీ 16వ అధ్యాయంలో వారంలో మొదటి రోజున ప్రతివాడూ తన వర్ధిల్లిన కొలది కొంత తీసి ఉంచాలన్నాడు. 2 కొరింథీ 9లో సణుగుతూ గాని బలవంతం మీద గాని కాక, మనసులో నిశ్చయించుకొన్నట్టు ఇవ్వాలన్నాడు. 8వ అధ్యాయం ఈ చర్చకు మరింత కీలకం. కానుక ఉన్నదాని ప్రకారమే, లేనిదాని ప్రకారం కాదు. ఒకరికి తేలిక చేసి మరొకరిపై భారం మోపడం ఉద్దేశం కాదు, సమానత్వమే ఉద్దేశం. అదే అధ్యాయంలో కానుకల సొమ్మును ఒంటరిగా కాక నమ్మకమైన మరికొందరితో కలిసి తీసుకువెళ్లి, మనుషుల దృష్టిలో కూడా నిందకు తావులేకుండా చూసుకున్నాడు. ఇంకొకవైపు, సువార్త ప్రకటించేవారు దానివల్లనే జీవించాలని 1 కొరింథీ 9లో స్పష్టంగా రాశాడు. శాతం చెప్పలేదు, బాధ్యతను మాత్రం తీసివేయలేదు.

4. సంఘచరిత్రలో

తొలి శతాబ్దాల ‘దిదాఖే’ ప్రథమ ఫలాలను ప్రవక్తలకు ఇవ్వాలని, ప్రవక్త లేకపోతే పేదలకు ఇవ్వాలని చెబుతుంది. రెండో శతాబ్దపు ఇరేనియస్ యూదుల దశమ భాగాన్ని, క్రైస్తవుల స్వేచ్ఛార్పణను పక్కపక్కన పెట్టి రెండోదే గొప్పదన్నాడు. 585లో మాకన్ సభ దశమ భాగాన్ని తప్పనిసరి చేసింది. 779లో షార్లమేన్ దానిని రాజ్యచట్టంగా మార్చాడు. అలా కానుక పన్ను అయింది. ఫ్రాన్సు విప్లవం 1789లో దీనిని రద్దు చేసింది. ఇంగ్లండులో 1836 చట్టం ధాన్యరూపపు దశమ భాగాన్ని డబ్బు చెల్లింపుగా మార్చగా, 1936 చట్టం ఆ చెల్లింపులను ముగింపు దిశగా నడిపింది. నేటి కతోలిక సంఘచట్టం (1983) సంఘ అవసరాలకు సహాయపడటం విశ్వాసుల బాధ్యత అంటుంది గాని శాతం నిర్ణయించదు. సెవెంత్‌డే అడ్వెంటిస్టులు, అనేక పెంతెకొస్తు సంఘాలు పదో వంతును బోధిస్తాయి.

5. తెలుగు సంఘాల అనుభవం

కర్నూలు, కడప ప్రాంతాలలో ఎస్.పి.జి., లండన్ మిషన్, అమెరికన్ బాప్టిస్టు మిషన్ పనిచేశాయి. 1876–78 ధాత కరువు తరవాత తెలుగునాట వేలాదిమంది దళితులు సంఘాలలో చేరారు. వారికి కళ్లంలో ధాన్యం పంచే ‘మేర’ బాగా తెలుసు. అయితే అది పుచ్చుకొనే వైపు నుంచి తెలిసినది. ఉపదేశి జీతం మిషన్ నుంచి వస్తున్నంతకాలం సంఘం తమదనే భావం బలపడటం కష్టమైంది.

ఈ స్థితిని మార్చడానికి పాటుపడినవారిలో వి.ఎస్. అజరయ్య ముఖ్యుడు. 1912 డిసెంబరు 29న అభిషేకం పొంది, డోర్నకల్ అధ్యక్షుడైన ఆయన ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. క్రైస్తవ దాతృత్వంపై పుస్తకం రాసి, పేద సంఘం కూడా ఇవ్వగలదని, ఇవ్వడంలోనే దానికి గౌరవం ఉందని ఆయన నేర్పాడు. వంటకు కొలిచిన బియ్యంలో నుంచి ఒక గుప్పెడు తీసి వేరే కుండలో వేయడం, కోత పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు తెచ్చి వేలం వేయడం వంటివి నేటికీ మన సంఘాలకు తెలిసిన పద్ధతులు. గుప్పెడు బియ్యంలో ఒక సూక్ష్మం ఉంది: పొయ్యి మీదికి బియ్యం ఎక్కిన రోజే గుప్పెడు తీస్తారు. పస్తున్న రోజున బాకీ ఉండదు.

హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా విస్తరించిన భక్తసింగ్ (మరణం 2000) సహవాసాలు జీతాలు, చందా విజ్ఞప్తులు లేకుండా స్వచ్ఛంద కానుకలపైనే నడిచాయి. పదో వంతును విధించకుండా కూడా సంఘాలు నిలబడగలవనడానికి ఇది ఉదాహరణ.

6. మెట్ట ప్రాంతంలో లెక్క

పదో వంతు దేనిలో? ఒక ఊహా ఉదాహరణ చూద్దాం. ఓర్వకల్లు ప్రాంతపు కౌలురైతు వేరుశనగ అమ్మగా రూ.1,20,000 వచ్చింది. విత్తనాలు, ఎరువులు, కూలీలు, కౌలు కలిపి ఖర్చు రూ.90,000. మిగులు రూ.30,000. మొత్తం అమ్మకంపై పదో వంతు రూ.12,000, అది మిగులులో 40 శాతం. మిగులుపై లెక్కిస్తే రూ.3,000.

మరుసటి ఏడు వాన తప్పి అమ్మకం రూ.80,000కు పడిపోయింది, ఖర్చు అంతే. నష్టం రూ.10,000. మొత్తంపై లెక్కిస్తే ఇంకో రూ.8,000 ఇవ్వాలి, అది వచ్చేది అప్పు నుంచే. అప్పుల నష్టం రూ.18,000 అవుతుంది. లేనిదాని ప్రకారం కాదన్న పౌలు మాటకు ఇది పూర్తిగా వ్యతిరేకం. అప్పు రాబడి కాదు. అందులో పదో వంతు అనే మాటకు అర్థం లేదు.

మన పొరుగున ఉన్న ముస్లిం సంప్రదాయంలో పంటపై ఇచ్చే ఉషర్‌ను పోల్చి చూడండి. వానతో పండితే పదో వంతు, నీరు తోడి పండిస్తే ఇరవయ్యో వంతు. పండించేవాని శ్రమకు, ఖర్చుకు అందులో లెక్క ఉంది.

మరొక ప్రశ్న: భూమి లేని కూలీ స్త్రీ, ఒంటరి విధవరాలు ద్వితీయోపదేశకాండంలో ఏ వరుసలో ఉన్నారు? ఇచ్చే వరుసలో కాదు, పుచ్చుకొనే వరుసలో. ఆమె ఇష్టంతో రెండు రూపాయలు వేస్తే అది గొప్ప కానుకే. మార్కు సువార్త 12లోని విధవరాలి రెండు కాసులను యేసు గుర్తించాడు. కాని దానికి ముందు వచనాలలోనే విధవరాండ్ర ఇళ్లను దిగమింగేవారిని ఆయన ఖండించాడు. ఆమె ఇవ్వడం ఒకటి, ఆమె నుంచి రాబట్టడం మరొకటి.

ఈ మండలం మహిళా పొదుపు సంఘాలకు పేరు పొందింది. సభ్యుల ముందు లెక్కలు చదివి పుస్తకంలో రాసుకోవడం అక్కడి స్త్రీలకు అలవాటు. అదే పద్ధతి సంఘంలోనూ ఉంటే, కానుక ఎంత వచ్చింది, కాపరికి ఎంత, పేదలకు ఎంత అన్నది అందరికీ తెలుస్తుంది. పౌలు పాటించిన జాగ్రత్త కూడా ఇదే.

7. అంచనా

ఈ విషయంలో మూడు అభిప్రాయాలున్నాయి: (అ) దశమ భాగం నేటికీ విధి, (ఆ) విధి కాదు గాని మంచి కొలబద్ద, (ఇ) కొలబద్ద కూడా అక్కరలేదు, స్వేచ్ఛార్పణ చాలు. పైన చూసిన ఆధారాలను బట్టి మొదటి అభిప్రాయం నిలవడం కష్టం. రెండోదానికి ఆచరణలో విలువ ఉంది. స్థిరమైన జీతం వచ్చే ఉద్యోగికి పదో వంతు మంచి ఆరంభం, అతనికి అది చాలా తక్కువ కూడా కావచ్చు. అదే కొలత వానను నమ్ముకున్న కుటుంబానికి మోయలేని బరువు కావచ్చు. మూడో అభిప్రాయం గ్రంథానికి దగ్గరగా ఉన్నా, స్వేచ్ఛ పేరుతో ఏమీ ఇవ్వకపోవడానికి అది సాకు కారాదు. కాపరి పోషణ, పేదల ఆదరణ కొత్త నిబంధనలోనూ బాధ్యతలే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ద్వితీయోపదేశకాండము ప్రకారం మూడో ఏటి దశమ భాగం ఎవరికి చెందుతుంది?
2. గుప్పెడు బియ్యం పద్ధతికి, మొత్తం పంటపై పదో వంతుకు తేడా ఏమిటి?

సారాంశం

దశమ భాగం ఇశ్రాయేలులో భూమి, మంద ఉన్నవారు భూమిలేని లేవీయులకు, పేదలకు ఇచ్చిన వాటా. కొత్త నిబంధన దానిని యూదులుకాని విశ్వాసులపై విధించలేదు. కలిగిన కొలది, ఇష్టపూర్వకంగా, క్రమంగా, లెక్క చూపుతూ ఇవ్వడాన్ని నేర్పింది. మధ్యయుగాలలో అది పన్నుగా మారి, తరవాత రద్దయింది. తెలుగు సంఘాలు గుప్పెడు బియ్యం, కోత పండుగ వంటి సొంత పద్ధతులను పెంపొందించుకున్నాయి.

మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. ఈ క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానం రాయండి.
1. దశమ భాగం నేటి క్రైస్తవులకు విధియా? ఇరుపక్షాల వాదాలను పరిశీలించి మీ అభిప్రాయం రాయండి.
2. మలాకీ 3వ అధ్యాయాన్ని పూర్తి సందర్భంలో వివరించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు 15 పంక్తులలో సమాధానం రాయండి.
1. స్వయంపోషక సంఘం విషయంలో అజరయ్య కృషిని తెలపండి.
2. మీ ఊరి సంఘంలో కానుకల సేకరణ, వినియోగం, లెక్కల పద్ధతిని పరిశీలించి రాయండి.