ముప్పై ఏళ్లకే ముడతలా? కారణాలు ఇవే..

వయసు పెరిగితే చర్మం ముడతలు పడటం సహజమే. కానీ కొందరికి ముప్పై ఏళ్లకే గీతలు, నల్లమచ్చలు వచ్చేస్తాయి. ఎందుకు?

మొదటి కారణం ఎండ. సూర్యకాంతిలోని యూవీఏ కిరణాలు చర్మం లోపలి పొరదాకా వెళ్లి, బిగువునిచ్చే కొల్లాజెన్‌ను దెబ్బతీస్తాయి. మబ్బు పట్టినా, కిటికీ అద్దం అడ్డున్నా ఇవి పూర్తిగా ఆగవు. అమెరికాలో 28 ఏళ్లు ట్రక్కు నడిపిన ఒకాయనకు కిటికీ వైపున్న ఎడమ చెంపే బాగా ముడతలు పడింది. 2012లో ఓ వైద్య పత్రిక ఆ ఫొటో వేసింది. మన బండ్లలో కిటికీ డ్రైవర్‌కు కుడివైపు ఉంటుంది. ఇక రెజిమెంటల్ బజార్‌ లాంటి చోట రోజంతా ఆటో నడిపేవాళ్లకు, తోపుడు బండ్లవాళ్లకు అద్దం కూడా అడ్డుండదు.

రెండోది బీడీ, సిగరెట్. పొగ వల్ల రక్తనాళాలు కుంచించుకుపోయి చర్మానికి ఆక్సిజన్ తగ్గుతుంది.

మూడోది తెల్లబడాలని రాసుకునే స్టెరాయిడ్ క్రీములు. మొదట్లో ముఖం మెరుస్తుంది, తర్వాత చర్మం పలచబడి ఎర్రబారుతుంది. 2018లో కేంద్రం ఇలాంటి క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది. వాడుతున్నవాళ్లు ఒక్కసారిగా మానేయకుండా చర్మ వైద్యుణ్ని కలవాలి.

మరేం చేయాలి? పది నుంచి నాలుగు గంటల మధ్య ఎండ తప్పించుకోండి. తప్పకపోతే గొడుగు, దస్తీ, పొడుగు చేతుల చొక్కా వాడండి. ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్ రాసుకుని, ఎండలో ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ రాయండి. పొగ మానండి. ఖరీదైన క్రీముల కంటే ఇవే మేలు.