పిల్లలు బడి మారినా పెత్తనం మారదు!
బడి కమిటీల్లో పాతుకుపోయిన పెద్దరికం - తల్లిదండ్రులు కదిలితేనే మార్పు

గార్లదిన్నె: పిల్లవాడు అయిదో తరగతి దాటి హైస్కూలుకు పోతాడు. అక్కడా ముగించుకుని అనంతపురం కాలేజీలో చేరుతాడు. అయినా ఊరి బడి కమిటీలో వాళ్ల నాయన పెత్తనం మాత్రం కదలదు. జిల్లాలోని మెట్ట పల్లెల్లో పలుచోట్ల కనిపించే తంతు ఇది. కాగితం మీద చైర్మన్ పేరు వేరే ఉండవచ్చు. చెల్లేది మాత్రం పాతాయన మాటే.

అట్లని ఆ పెద్దమనిషి చెడ్డవాడని అనలేము. బడికి నీళ్లు లేనప్పుడు మండలాఫీసు చుట్టూ తిరిగింది ఆయనే అయి ఉంటుంది. ఎవరూ ముందుకు రాని రోజుల్లో వచ్చినందుకే ఆ కుర్చీ దక్కింది. చిక్కల్లా కూర్చున్న తరువాత లేవకపోవడంలో ఉంది. వంటకు ఎవరిని పెట్టాలి, సున్నం ఎవరు కొట్టాలి, ఎవరి ట్రాక్టరుతో ఇసుక తోలించాలి అన్నవన్నీ ఒకే ఇంటి అరుగు మీద తేలిపోతాయి. మీటింగు జరగదు గానీ మీటింగు పుస్తకం ఇంటింటికీ తిరిగి సంతకాలు, వేలిముద్రలు వేయించుకుని వస్తుంది.

చట్టంలో ఉన్నదేమిటి?

బడి నిర్వహణలో తల్లిదండ్రులకు చోటు కల్పిస్తూ రాష్ట్రంలో 1998లోనే చట్టం వచ్చింది. తరువాత 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర విద్యాహక్కు చట్టం దీన్ని మరింత గట్టి చేసింది. కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది ఆ బడి పిల్లల తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు కావాలి. బడుగు వర్గాల వారికి వారి పిల్లల సంఖ్యను బట్టి చోటు దక్కాలి. బడి నడక చూడటం, అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధుల ఖర్చుపై కన్నేసి ఉంచటం కమిటీ పని.

రాష్ట్ర నియమాల ప్రకారం తరగతికి ముగ్గురు తల్లిదండ్రులను ఎన్నుకోవాలి. గడువు రెండేళ్లు. బిడ్డ బడి విడిస్తే తండ్రి సభ్యత్వమూ పోతుంది. అంటే ఏళ్ల తరబడి ఒకరే కూర్చునే వీలు చట్టంలో లేదు. కానీ ఎన్నికలే సకాలంలో జరగకపోతే ఎవరేం చేయగలరు? 2021లో ఎన్నికలు జరిగాక మళ్లీ 2024 ఆగస్టు 8న గానీ జరగలేదు.

కలుపు రోజుల్లో ఎన్నిక

ఆగస్టు అంటే వేరుశనగ చేలలో కలుపు తీసే కాలం. కూలి పోగొట్టుకుని బడికి వచ్చేదెవరు? పంట ఎండిన ఏడు బెంగుళూరు వలసపోయిన తల్లిదండ్రులు ఎటూ రాలేరు. అవ్వా తాతల దగ్గర పిల్లలను విడిచిపోయిన ఇళ్లెన్నో. వచ్చిన నలుగురిలో “పాతాయనే ఉండనీలేప్పా” అని ఒకరంటే మిగిలిన వారు తలలూపుతారు. “రేపు బోరు నీళ్లకో, అప్పుకో ఆయన గడప తొక్కాల్సిందే గదా” అన్న జంకు మనసులో ఉంటుంది. ఆడవాళ్లకు చోటు తప్పనిసరి కాబట్టి భార్య పేరు రాయించి భర్త కుర్చీలో కూర్చోవడం కూడా కొత్తేమీ కాదు.

ఇది మర్యాదకు సంబంధించిన విషయం మాత్రమే అనుకుంటే పొరపాటు. 2019లో మొదలైన నాడు-నేడు తొలి విడతలో రాష్ట్రమంతటా 15,715 బడుల్లో పనులు తల్లిదండ్రుల కమిటీల ద్వారానే నడిచాయి. కమిటీ చేతికి డబ్బు వచ్చిన చోట అడిగేవారు లేకపోతే నష్టం ఎవరికి? మరుగుదొడ్డిలో నీళ్లు రాకపోతే ముందు బడి మానేది ఎదిగిన ఆడపిల్ల. పప్పు నీళ్లయితే ఆకలితో ఇంటికి వచ్చేది కూలి వాళ్ల బిడ్డ.

తగవు లేకుండా దించవచ్చు

పాతాయనతో రచ్చకట్ట దగ్గర కలబడనవసరం లేదు. మహిళా సంఘాలు ఎట్లాగూ కూర్చుంటాయి. ఆ రోజే తల్లులు బడి సంగతి నాలుగు మాటలు మాట్లాడుకుంటే చాలు. ఎన్నిక ఎప్పుడో హెడ్మాస్టరును ముందే అడిగి తెలుసుకోవాలి. తల్లిదండ్రుల జాబితా బోర్డు మీద పెట్టమనాలి. తరగతికి ఇద్దరు ముగ్గురు నిలబడేందుకు సిద్ధపడాలి. ఒక్కరే నిలబడితే పగ అంటారు, పదిమంది నిలబడితే ఊరి మాట అంటారు.

మీటింగు జరగనిదే పుస్తకంలో సంతకం పెట్టకూడదు. ఖర్చుల లెక్క మీటింగులో చదివి వినిపించమని అడగాలి. చూపకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉండనే ఉంది. మన రాష్ట్రంలో గ్రామస్థాయిలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలే. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి.

ఇక పాతాయన సంగతి. ఇద్దరు విద్యాభిమానులను, దాతలను కమిటీలోకి చేర్చుకునే వీలు నియమాల్లో ఉంది. ఆయన చేసిన మేలు మరువకుండా శాలువా కప్పి, ఆ చోట కూర్చోబెట్టవచ్చు. సలహా ఆయనది, నిర్ణయం పిల్లల తల్లిదండ్రులది. ఆయన గౌరవమూ నిలుస్తుంది, బడీ నిలుస్తుంది.

2025 జూలై 10న పొరుగునున్న శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువులో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశానికి ముఖ్యమంత్రి స్వయంగా వచ్చారు. అట్లాంటి పండుగ ఎప్పుడో ఒకనాడు. మిగిలిన రోజుల్లో బడి గేటు దాటి లోపలికి పోవలసింది తల్లిదండ్రులే. 2024లో ఏర్పడిన కమిటీల గడువు రెండేళ్ల లెక్కన 2026 ఆగస్టుతో తీరుతుంది. కలుపు పనులు లేని రోజు చూసి, ముందుగా ఊరంతా దండోరా వేయించి ఎన్నిక జరిపితే సగం చిక్కు తీరినట్టే. విద్యాశాఖ అధికారులు ఆ మాత్రం శ్రద్ధ చూపాలి. ఒక్క పూట కూలి వదులుకోవడానికి తల్లిదండ్రులు సిద్ధపడాలి.