పానా మీ చేతికే: సైకిల్ వర్క్‌షాప్‌లో వాలంటీర్లతో పని ఎలా నడుస్తుంది?

ఈరోజు కమ్యూనిటీ సైకిల్ వర్క్‌షాప్ గురించి మాట్లాడుకుందాం. సైకిల్ రిపేర్ మీద వీడియోలు బోలెడు ఉన్నాయి. నేను చెప్పేది ఆ పని చేయించే మనుషుల గురించి.

ముందు అసలు ఇదేంటో చూద్దాం. మన ఊళ్లో సైకిల్ షాపుకి వెళ్తే ఆయన బాగుచేసి ఇస్తాడు, మనం డబ్బులిస్తాం. ఇక్కడ అలా కాదు. టూల్స్, స్టాండు, పాత పార్టులు వర్క్‌షాప్‌వి. రిపేర్ మాత్రం మీరే చేసుకోవాలి, పక్కన వాలంటీర్ నిలబడి నేర్పిస్తారు. ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఇలాంటిది 1994లోనే మొదలైంది. లాస్ ఏంజెలెస్‌లో ఒకటి వంటగదిలో మొదలైంది, అందుకే దాని పేరు బైసికిల్ కిచెన్. అక్కడ వాలంటీర్లని ‘కుక్స్’ అంటారు!

నేను అమెరికాలో చదువుకుంటూ, మా యూనివర్సిటీ ఊళ్లో ఇలాంటి చోట శనివారాలు పనిచేస్తున్నాను. మన తెలుగు స్టూడెంట్స్ కూడా వస్తుంటారు. కారుండదు, రాత్రయితే బస్సు దొరకదు, సెకండ్ హ్యాండ్ సైకిలే దిక్కు. వాళ్లకి వర్క్‌షాప్ మూతపడితే చాలా కష్టం. అది మూతపడేది టూల్స్ లేక కాదు, వాలంటీర్లు మానేసి.

ఎందుకు మానేస్తారు? పని బాగా వచ్చినవాళ్లు ఫ్రీ మెకానిక్కులుగా మిగిలిపోతారు, కొన్నాళ్లకి అలిసిపోతారు. పని రానివాళ్లు ఏం చేయాలో తెలీక గోడకి ఆనుకుని ఫోన్ చూసుకుంటారు, మళ్ళీ వారం రారు. ఈ రెండూ ఆపడానికి మేం పాటించే పద్ధతులు చెప్తాను.

మొదటిది, గుమ్మం దగ్గర ఒకరు ఉండాలి. వచ్చినవాళ్ల పేరు, సైకిల్‌కి ఏమైందో బోర్డు మీద రాసి, వరసగా పంపాలి. దీనికి రిపేర్ రానక్కర్లేదు. కొత్త వాలంటీర్‌కి మొదటి రోజు ఇదే పని. ఒక పూటలోనే ఏ రిపేర్లు ఎక్కువొస్తాయో వాళ్లకి అర్థమైపోతుంది.

రెండోది, పానా లాక్కోకూడదు. ఇది అన్నిటికన్నా కష్టం! ఉదాహరణకి ఎడమ పెడల్ మర ఉల్టా ఉంటుంది. మామూలు నట్టు బిగించే వైపు తిప్పితే అది ఊడుతుంది. తెలిసినవాళ్లకి అర నిమిషం పని, తెలీనివాళ్లు ఐదు నిమిషాలు కుస్తీ పడతారు. “ఇలా ఇవ్వండి, నేను చేస్తా” అనాలనిపిస్తుంది. అనకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని, నోటితో చెప్పాలి. అమ్మాయిల చేతిలో పానా లాక్కోవడం ఇంకా ఎక్కువ. అందుకే చాలా వర్క్‌షాపులు వాళ్లకోసం విడిగా ఒక పూట పెడతాయి.

మూడోది, పనిని ముక్కలు చేయాలి. “పాత సైకిళ్ల సంగతి చూడు” అంటే ఎవరూ కదలరు. “ఈ బకెట్‌లో ట్యూబులకి గాలి కొట్టి, నీళ్లలో ముంచి, బుడగలొచ్చేవి పక్కన పెట్టు” అంటే ఎవరైనా చేస్తారు.

నాలుగోది, ముగించే టైము. మూసే ముందు అరగంట కొత్త సైకిల్ తీసుకోం. గోడ మీద ప్రతి టూల్‌కీ బొమ్మ గీసి ఉంటుంది. ఖాళీ బొమ్మ కనిపిస్తే ఆ టూల్ ఎక్కడో ఉండిపోయిందని అర్థం. వాలంటీర్ టైముకి ఇంటికెళ్తేనే మళ్ళీ వారం వస్తాడు.

చివరిది, దీనికి మినహాయింపు లేదు. సైకిల్ బయటికెళ్లే ముందు గాలి, బ్రేకు, చైను, ఈ మూడూ ఇంకొకరు చూడాలి. రిపేర్ చేసినవాళ్లూ, పక్కన నిలబడి నేర్పినవాళ్లూ కాకుండా మూడో మనిషి. బ్రేకు పట్టకపోతే క్లాస్‌కి లేటవుతున్నా సరే, ఆ సైకిల్ కదలదు.

మరి మన దగ్గర ఇది కుదురుతుందా? అపార్ట్‌మెంట్ సెల్లార్లలో తుప్పు పడుతున్న పిల్లల సైకిళ్లు ఎన్నో! నెలకి ఒక ఆదివారం చాలు. కానీ మీ వీధి చివర పంక్చర్ షాపు ఆయనకి పోటీగా మాత్రం పెట్టకండి. ఆయన్నే గురువుగా పిలవండి, ఆ పూట కూలి లెక్కకట్టి ఇవ్వండి. సొల్యూషన్ రాసి ఎంతసేపు ఆరనివ్వాలో ఆయన వేళ్లకి తెలిసినంత ఏ వీడియోకీ తెలీదు, నా వీడియోతో సహా!

మళ్ళీ ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ.