ముఖము మీద మంగు – లేజర్ వైద్యము: అప్పు చేయక ముందు తెలుసుకొనవలసిన సంగతులు



"లేజర్ కొట్టిస్తే మంగు పూర్తిగా పోతాదంట గదా, నిజమేనా అయ్యగారూ?" ఈ మధ్య మా బేతంచెర్ల ప్రాంతములో తల్లులు, పెండ్లికెదిగిన ఆడపిల్లలు మమ్మల్ని తరచుగా అడుగుతున్న ప్రశ్న ఇది. మేము వైద్యులము కాము. అయితే పెండ్లి సంబంధాల మాటలు, అప్పుల బాధలు, ఆసుపత్రి చీటీలు అన్నీ చివరకు పాస్టరు ఇంటికి వచ్చి చేరుతాయి. కాబట్టి చర్మ వైద్యులను అడిగి, చదివి తెలుసుకొన్న సంగతులను మన కుటుంబాల మేలు కోరి ఇక్కడ వివరంగా వ్రాస్తున్నాము.

బేతంచెర్ల అనగానే అందరికీ గుర్తుకు వచ్చేది నాపరాయి. గనులలో, పాలిష్ ఫ్యాక్టరీలలో, మిరప చేలలో, పత్తి చేలలో మన వాళ్ళు ఉదయము నుండి సాయంత్రము వరకు ఎండలోనే ఉంటారు. ఇక్కడ వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడము మామూలే. ఆ ఎండ ఊరికే పోదు. ముందుగా ముఖము మీదనే తన గురుతు వేస్తుంది.

నలుపు రోగము కాదు

మన చర్మములో మెలనిన్ అనే రంగు పదార్థము ఉన్నది. దానిని తయారుచేసే కణాలు చర్మపు పైపొర అడుగున ఉంటాయి. ఎండలోని అతినీల కిరణాలు లోపలి కణాలను పాడుచేయకుండా ఈ మెలనిన్ గొడుగులాగా అడ్డుపడుతుంది. ఎండలో పనిచేసేవారు నల్లబడటము శరీరము తన్ను తాను కాపాడుకొనే పద్ధతి. కాబట్టి చామనఛాయగానీ నలుపుగానీ వైద్యము అవసరమైన రోగము కాదు. ముఖమంతా ఒక రంగు ఉండి, కొన్ని చోట్ల మాత్రము మచ్చలుగా ముదురు రంగు తేలినప్పుడే అది ఆలోచించవలసిన విషయము.

ఆ మచ్చలన్నీ ఒకటే కాదు. రెండు బుగ్గల మీద, నుదుట, పై పెదవి మీద ఇరువైపులా ఒకే తీరుగా వచ్చే గోధుమరంగు మచ్చలను మనము మంగు అంటాము. మొటిమలు మానిన చోట మిగిలే నల్లమచ్చలు వేరు. పుట్టుకతోగానీ యౌవనములోగానీ ముఖమునకు ఒక ప్రక్కన, కంటి చుట్టూ నీలిరంగుగా కనిపించే మచ్చ వేరు. దీనిని 1939లో వర్ణించిన జపాను వైద్యుని పేరు మీద ఓటా మచ్చ అంటారు. జుట్టు రంగు, కొన్ని రకాల బొట్టుబిళ్ళలు, సువాసన పూతలు పడక వచ్చే నలుపు వేరు. మెడ వెనుక మఖమలు గుడ్డలాగా మందముగా నల్లబడితే అది చక్కెర వ్యాధికి ముందు సూచన కావచ్చును. అలాంటివారు క్రీములు కొనక ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి. స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే అది కుష్ఠు కావచ్చును. దానికి మన ప్రభుత్వ ఆసుపత్రులలో మందులు ఉచితము, పూర్తిగా నయమవుతుంది. అందుచేత మచ్చకు మందు వెదకక ముందు అది ఏ మచ్చయో తెలుసుకోవడమే మొదటి మెట్టు.

మంగు ఎందుకు వస్తుంది?

మంగు ఎక్కువగా స్త్రీలకు, అందులోను గర్భిణీ స్త్రీలకు వస్తుంది. కడుపుతో ఉన్నప్పుడు శరీరములో పెరిగే హార్మోనులు రంగు కణాలను రెచ్చగొడతాయి. కుటుంబ నియంత్రణ మాత్రలు వాడేవారిలోను ఇది కనిపిస్తుంది. తల్లికి ఉంటే కూతురికి వచ్చే అవకాశము ఎక్కువ. అయితే ఈ కారణాలన్నిటికీ ఆజ్యము పోసేది ఎండ. ఎండలో పనిచేసే మగవారికి కూడా మంగు వస్తుంది. మంగు అంటువ్యాధి కాదు, ప్రాణానికి ముప్పు కాదు. చెడు నడతకుగానీ దోషమునకుగానీ గుర్తు అంతకంటే కాదు. కాన్పు అయిన కొన్ని నెలలకు కొందరికి దానంతట అదే తగ్గిపోతుంది. కాబట్టి బాలింతలు తొందరపడి డబ్బు ఖర్చు చేయనవసరము లేదు.

లేజర్ అంటే ఏమిటి?

లేజర్ అంటే ఒకే రంగు కలిగి, ఒకే దిశలో, చెదిరిపోకుండా సాగే వెలుగు. మొట్టమొదటి లేజర్‌ను 1960లో అమెరికా శాస్త్రజ్ఞుడు థియోడర్ మైమన్ కెంపురాయితో పనిచేయించి చూపాడు. ఆ తరువాత కొద్ది సంవత్సరాలలోనే లియోన్ గోల్డ్‌మన్ అనే చర్మ వైద్యుడు దానిని చర్మము మీద పరీక్షించడము మొదలుపెట్టాడు. 1983లో ఆండర్సన్, పారిష్ అనే ఇద్దరు వైద్యులు ఒక ముఖ్యమైన సూత్రమును ప్రకటించారు. తగిన రంగు వెలుగును, తగినంత తక్కువ సమయము పంపితే, చుట్టూ ఉన్న చర్మము కాలకుండా రంగు పదార్థము మాత్రమే వేడెక్కి ముక్కలవుతుంది అన్నదే ఆ సూత్రము. ఎండలో నల్లరాయి తెల్లరాయి కంటే త్వరగా కాలడము మన నాపరాళ్ళ మీద నడిచినవారికి తెలిసినదే. ఇదీ అలాంటిదే.

ముఖము మీది మచ్చలకు ఎక్కువగా వాడే యంత్రము 1064 నానోమీటర్ల కిరణమును పంపుతుంది. అది కంటికి కనబడదు, చర్మములో లోతుకు వెళ్తుంది. ఒక్కొక్క తాకిడి ఒక సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో కొన్ని భాగాలంత సేపే ఉంటుంది. ముక్కలైన రంగును శరీరములోని కణాలే మెల్లగా తొలగిస్తాయి. అందుకే ఒక్కసారితో పని కాదు. కొన్ని వారాల ఎడముతో పలుమార్లు చేయవలసి ఉంటుంది.

"మీ చర్మమునకు తగిన ప్రత్యేక లేజర్" అని ప్రకటనలలో చూస్తుంటాము. ఆ మాటలో కొంత నిజము ఉన్నది. 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే వైద్యుడు ఎండకు చర్మము ఎలా స్పందిస్తుందో చూచి రకాలుగా విభజించాడు. ఇప్పుడు వాడుకలో 6 రకాలు ఉన్నాయి. మన తెలుగువారిలో చాలామంది 4, 5 రకములలోనికి వస్తారు. తెల్లవారికి సరిపోయిన శక్తిని మన చర్మము మీద ప్రయోగిస్తే, కిరణము మచ్చలోని రంగునే గాక మంచి చర్మములోని రంగును కూడా కాల్చుతుంది. కాబట్టి కిరణపు రకము, శక్తి, ఎడము మనిషిని బట్టి మార్చాలి. ముందుగా చెవి ప్రక్కన చిన్న చోట పరీక్షించి, కొన్ని వారాలు ఆగి చూడాలి. తగిన వైద్యము అంటే అర్థము ఇదే. డబ్బును బట్టి చిన్న ప్యాకేజీ, పెద్ద ప్యాకేజీ అనడము దాని అర్థము కాదు.

ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ మోసగిస్తుంది?

ఓటా మచ్చకు లేజర్ నిజముగా గొప్ప సహాయము. పలుమార్లు చేయించుకొన్నవారిలో చాలామందికి మచ్చ బాగా తేలికపడుతుంది. వద్దనుకొన్న పచ్చబొట్టును తొలగించడానికి కూడా ఇదే రకపు యంత్రములు వాడతారు. కాని మంగు సంగతి వేరు. ఓటా మచ్చలో రంగు ఒక చోట నిలిచి ఉంటుంది. మంగులోనైతే రంగు తయారుచేసే కణాలే రెచ్చిపోయి ఉంటాయి. ఉన్న రంగును లేజర్ పగులగొట్టినా, కణాలు మరల తయారు చేస్తూనే ఉంటాయి. ఎండ తగిలితే మరీ ఎక్కువగా చేస్తాయి. అందుకే మంగు తిరిగి రావడము సాధారణము. కొన్నిసార్లు లేజర్ వేడికే చర్మము కమిలి, మచ్చ ముందుకంటే నల్లబడుతుంది. మరీ ఎక్కువసార్లు చేయించుకొన్న కొందరికి చుక్కలు చుక్కలుగా తెల్లమచ్చలు పడతాయి. ఈ కారణాల వలన మంగుకు లేజర్ మొదటి వైద్యము కాదని, మిగిలినవి ఫలించనప్పుడు జాగ్రత్తగా వాడవలసినదని చర్మ వైద్యులు చెప్పుతున్నారు.

మాకు తెలిసిన ఒక కుటుంబములో తండ్రి రాళ్ళ ఫ్యాక్టరీలో కూలి. కూతురికి సంబంధము కుదిరింది గాని, పెండ్లివారు బుగ్గల మీది మంగును చూచి గొణిగారు. తల్లి పొదుపు సంఘములో అప్పు తీసి, పట్టణములో ఒక చోట ఆరుసార్ల లేజర్‌కు ముందుగానే సొమ్ము కట్టింది. లేజర్ అయిన తరువాత ఎండలోనికి పోరాదని అక్కడ ఎవరూ గట్టిగా చెప్పలేదు. ఆ పిల్ల వారము తిరగక ముందే మిరపకాయల కోతకు పోయింది. మూడవసారికి బుగ్గలు బొగ్గు రంగుకు తిరిగాయి. కట్టిన సొమ్ము తిరిగి రాలేదు, అప్పు మాత్రము నిలిచింది. తరువాత కర్నూలులో ఒక చర్మ వైద్యురాలు చూచి, లేజర్ మాన్పించి, ఎండ నుండి కాపాడే పూత, కొద్దికాలము వాడే మందు వ్రాసి ఇచ్చారు. సంవత్సరము గడిచేసరికి ముఖము చాలావరకు తేటపడింది. అయితే ఆ సంవత్సరమంతా ఆ పిల్ల ముఖము నిండా కొంగు కప్పుకొని మందిరములో వెనుక వరుసలో కూర్చుండటము మేము చూచాము.

మందుల షాపులోని చిన్న గొట్టము

లేజర్ కంటే పెద్ద ప్రమాదము ఒకటి మన పల్లెల్లో చవకగా దొరుకుతున్నది. చీటీ లేకుండా మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ కలిసిన పూతమందే అది. పూసిన వారము రోజులకే ముఖము తెల్లబడినట్లు కనబడుతుంది. అది చూచి నెలల తరబడి వాడుతారు. అప్పుడు చర్మము పలుచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు, వెంట్రుకలు వస్తాయి. మానితే మంట, ఎరుపు వస్తాయి గనుక మరల పూస్తారు. ఇది ఒక వ్యసనము లాంటిది. 2011లో ప్రచురించిన ఒక భారతీయ పరిశీలనలో ముఖచర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిని చూడగా, 433 మంది ఇలాంటి పూతలు వాడుతున్నట్లు తేలింది. 2018లో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టెరాయిడ్ పూతలను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని నిబంధన చేసింది. ఇప్పటికే వాడుతున్నవారు ఒక్కసారిగా మానకుండా, వైద్యుని సలహాతో మెల్లగా మానుకోవాలి.

హైడ్రోక్వినోన్ అనే మందు మంగుకు పనిచేస్తుంది గాని, ఏండ్ల తరబడి పూస్తే చర్మము నీలినలుపుగా మారిపోవచ్చును. పేరూ ఊరూ లేని తెల్లబరచే క్రీములలో పాదరసము కలిసే ప్రమాదము ఉన్నది. 2023లో కేరళలోని మలప్పురము జిల్లాలో అలాంటి క్రీములు వాడినవారికి మూత్రపిండాల జబ్బు వచ్చినట్లు వైద్యులు గుర్తించారు. ఇంటిలో నిమ్మకాయ రుద్దుకొని ఎండలోకి పోయినా చర్మము కాలి మరింత నల్లబడుతుంది.

డబ్బు కట్టక ముందు ఏమి చేయాలి?

1. మొదట చర్మ వైద్యునికి చూపించండి. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో చర్మ విభాగము ఉన్నది. వాడుతున్న క్రీముల గొట్టాలు, మాత్రలు వెంట తీసుకొని వెళ్ళండి.

2. ఎండ నుండి కాపాడుకోండి. గొడుగు, వెడల్పు టోపీ, నూలుగుడ్డ మంచివి. ఎస్.పి.ఎఫ్. 30 లేక అంతకు మించిన పూతను చూపుడువేలు, మధ్యవేలు పొడవున పరచినంత తీసుకొని ముఖమునకు, మెడకు రాసుకోవాలి. బయట పనిలో ఉంటే రెండు మూడు గంటలకొకసారి మరల రాయాలి. కంటికి కనబడే వెలుగు కూడా మంగును పెంచుతుంది గనుక, చర్మపు రంగు కలిపిన పూత మంగుకు మరింత మంచిది. ఇది లేకుండా ఏ మందూ, ఏ లేజరూ నిలువదు.

3. లేజర్ వద్దకు వెళ్ళితే అడగండి: నాకున్నది ఏ మచ్చ? యంత్రము నడిపేది చర్మ వైద్యుడేనా? ముందు చిన్న చోట పరీక్షిస్తారా? తిరిగి వచ్చే అవకాశము ఎంత? నల్లబడితే ఏమి చేస్తారు? ఒక్కొక్కసారికి విడిగా సొమ్ము కట్టవచ్చునా? సమాధానము చెప్పక విసుగుకొనే చోట కూర్చోవద్దు.

4. నూటికి నూరు పాళ్ళు పోతుందని, జీవితములో మరల రాదని మంగు విషయములో ఎవరైనా హామీ ఇస్తే లేచి వచ్చేయండి.

5. గర్భిణీలు, పాలిచ్చే తల్లులు డాక్టరును అడుగకుండా ఏ పూతా, ఏ మాత్రా వాడరాదు.

6. పెండ్లికి నెల ముందు లేజర్ మొదలుపెట్టవద్దు. కమిలిన ముఖము తేరుకోవడానికి నెలలు పడుతుంది.

పెండ్లికుమారుల తల్లిదండ్రులకు ఒక మాట

పరమగీతములో ద్రాక్షతోటలకు కావలి కాసి ఎండకు నల్లబడిన ఒక యువతి ఉన్నది. ఆమె నలుపుకు కారణము ఆమె కష్టమే. మన ఇండ్లలోని ఆడపిల్లల ముఖము మీది మచ్చలకు కూడా చాలావరకు కారణము ఎండలో వారు మోసిన పనియే. ఆ కూలి డబ్బుతో తమ్ముళ్ళు చదువుకొన్నారు, అప్పులు తీరాయి. పిల్లను చూడటానికి వెళ్ళి ఆమె బుగ్గలను గూర్చి గొణిగే ముందు ఈ సంగతి తలంచుకొనుట మంచిది. మీరు పలికిన ఒక్క మాట ఒక పేద ఇంటిని అప్పులోనికి నెట్టగలదు.

మంగుకు వైద్యము చేయించుకోవడము తప్పు కాదు. అద్దము చూచుకొన్నప్పుడు మనసు తేలికగా ఉండాలని కోరుకోవడము గర్వమూ కాదు. వైద్యము కావాలనుకొన్నవారు సరియైన వైద్యుని వద్దకు, తొందరపడకుండా, అప్పు లేకుండా వెళ్ళండి. వద్దనుకొన్నవారు తల ఎత్తుకొని ముందు వరుసలో కూర్చోండి. ఈ వేసవి పనులకు బయలుదేరే ముందు మీ ఇంటి ఆడపిల్లల చేతికి ఒక గొడుగు ఇవ్వండి. దానికయ్యే ఖర్చు స్వల్పము, కాపాడేది ఎక్కువ.