ఉచిత పని నిర్వహణ సాఫ్టువేరు

పని నిర్వహణ సాఫ్టువేరు అనగా ఒక వ్యక్తి గానీ, ఒక బృందం గానీ చేయవలసిన పనులను నమోదు చేసుకొని, వాటికి గడువును, ప్రాధాన్యాన్ని, బాధ్యులను నిర్ణయించి, పూర్తయ్యే వరకు గమనించుటకు ఉపయోగపడే కంప్యూటరు ప్రోగ్రాము. వీటిలో అనేకం డబ్బు చెల్లించకుండానే లభిస్తాయి. అయితే వెల లేకపోవడం వేరు, స్వేచ్ఛ ఉండడం వేరు. సాఫ్టువేరును ఎన్నుకొనేటప్పుడు ఈ తేడా ముఖ్యమైనది.

ఉచితం, స్వేచ్ఛ

ఆంగ్లంలో ఫ్రీ అనే ఒకే పదం రెండు అర్థాలలోనూ వాడబడుతుంది. తెలుగులో వీటికి వేర్వేరు మాటలు ఉన్నాయి. ఉచిత సాఫ్టువేరుకు వెల ఉండదు, కానీ దాని సోర్సు కోడు తయారీదారు వద్దనే ఉండవచ్చు. స్వేచ్ఛా సాఫ్టువేరును ఎవరైనా వాడవచ్చు, పరిశీలించవచ్చు, మార్చవచ్చు, ఇతరులతో పంచుకోవచ్చు. ఈ ఉద్యమానికి 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు నాంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ పేరు ఈ భావం నుండే వచ్చింది.

రకాలు

* జాబితా: పనులు ఒకదాని క్రింద ఒకటి ఉంటాయి. గూగుల్ టాస్క్స్, మైక్రోసాఫ్ట్ టు డు ఈ కోవకు చెందినవి.
* పలక: "చేయవలసినవి", "జరుగుతున్నవి", "పూర్తయినవి" అనే నిలువు వరుసలలో పనులు చీటీలుగా కదులుతాయి. దీనికి మూలం జపానులో టొయోటా సంస్థకు చెందిన తైచీ ఓనో రూపొందించిన కాన్బాన్ పద్ధతి. 2011లో విడుదలైన ట్రెల్లో, స్వేచ్ఛా సాఫ్టువేరైన వీకాన్ ఇందుకు ఉదాహరణలు.
* సమస్యల చిట్టా: పెద్ద బృందాలకు అనువైనది. ప్రతి పనికి ఒక సంఖ్య, చర్చ, చరిత్ర ఉంటాయి. 2006లో మొదలైన రెడ్‌మైన్ ఈ రకానిది.

మూతబడిన సేవలు

2010లో జర్మనీలో విడుదలైన వండర్‌లిస్ట్ ఉచితంగా లభించి ప్రజాదరణ పొందింది. 2015లో మైక్రోసాఫ్ట్ దానిని కొనుగోలు చేసి, 2020 మే 6న నిలిపివేసింది. వాడుకరులు తమ జాబితాలను వేరొక చోటికి తరలించుకోవలసి వచ్చింది. ఆస్ట్రిడ్ అనే సేవను 2013లో యాహూ కొని, అదే ఏడాది మూసివేసింది. అయితే ఆస్ట్రిడ్ ఆండ్రాయిడ్ ప్రోగ్రాము సోర్సు కోడు బహిరంగంగా ఉన్నందున, దాని ఆధారంగా టాస్క్స్.ఆర్గ్ అనే ప్రోగ్రాము తయారై నేటికీ కొనసాగుతున్నది.

తెలుగు వికీపీడియాతో సహా వికీమీడియా ప్రాజెక్టుల సాంకేతిక సమస్యలను నమోదు చేసే ఫాబ్రికేటర్‌దీ ఇదే అనుభవం. 2014లో వికీమీడియా బగ్‌జిల్లాను వదలి దీనికి మారింది. 2021లో తయారీ సంస్థ అభివృద్ధిని ఆపివేయగా, స్వచ్ఛంద కార్యకర్తలు ఫోర్జ్ పేరుతో దానిని కొనసాగించారు.

ఎన్నుకొనే విధానం

ముందుగా అవసరాన్ని కాగితంపై వ్రాసుకొనుట మంచిది. ఉదాహరణకు కర్నూలు జిల్లా గోనెగండ్ల వంటి మండల కేంద్రంలో ఇద్దరు ముగ్గురు కలిసి నడిపే విత్తనాల దుకాణానికి సరుకు తెప్పించడం, లైసెన్సు గడువు, బాకీల వసూలు గుర్తుంటే చాలు. దానికి పంచుకోగలిగిన ఒక జాబితా సరిపోతుంది. పదిమంది ఉన్న కార్యాలయానికి పలక మేలు. తరువాత ఈ క్రింది అంశాలను పరిశీలించాలి.

* సిగ్నలు లేనప్పుడు కూడా పనిచేస్తుందా?
* తెలుగులో వ్రాసిన పనులను సరిగా చూపిస్తుందా, వెదకగలదా?
* ఉచిత వాడకానికి సభ్యుల సంఖ్యపై పరిమితి ఉన్నదా?
* సమాచారం ఎవరి సర్వరులో ఉంటుంది? బాకీదారుల పేర్ల వంటి వివరాలు వ్రాసేవారికి ఇది కీలకం.
* మొత్తం జాబితాను ఫైలుగా దించుకొనే వీలున్నదా?

చివరి అంశాన్ని మొదటి వారంలోనే పరీక్షించి చూడాలి. జాబితాను బయటకు తీసుకొనే దారి లేని సాఫ్టువేరు మూతబడిన నాడు, వెల లేకుండా దొరికినదే ఎక్కువ నష్టాన్ని కలిగిస్తుంది.

పరిమితులు

సాఫ్టువేరు పనిని గుర్తు చేయగలదే గానీ చేయలేదు. ప్రతిదినం ఒక నిర్ణీత సమయంలో జాబితాను సరిచూసుకొనే అలవాటు లేనిచో ఎంత మంచి సాఫ్టువేరైనా పాత పనుల గుట్టగా మిగిలిపోతుంది.

ఇవి కూడా చూడండి

* స్వేచ్ఛా సాఫ్టువేరు
* గ్నూ ప్రాజెక్టు
* కాన్బాన్