వార్తల్లో పదం: గిగ్ కార్మికుఁడు

ఎండకు వానకు ఓర్చి, నగరవీథులలో ద్విచక్రవాహనముపై అన్నపు పొట్లములను ఇంటింటికిఁ జేర్చు యువకుఁడు ఎవరి పనివాఁడన్న ప్రశ్నకు మన చట్టములు చిరకాలము మౌనమే వహించినవి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమును, కనీస వేతనముల చట్టమును యజమాని యెవఁడో, పనివాఁడెవఁడో స్పష్టముగాఁ గానవచ్చు లోకమునకై పుట్టినవి. ఫోనులోని యాప్ పని నొసఁగి, తానే కూలి నిర్ణయించు ఏర్పాటు ఆ చట్టముల యూహకు అందనిది.

2020లో పార్లమెంటు ఆమోదింపఁగా 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చిన సామాజిక భద్రతా స్మృతి, సంప్రదాయసిద్ధమైన యజమాని-ఉద్యోగి సంబంధమునకు వెలుపల పనిచేసి ఆర్జించువానిని గిగ్ కార్మికుఁడని నిర్వచించి, యాప్ ద్వారా పని నొసఁగు అగ్రిగేటరు సంస్థలు తమ వార్షిక టర్నోవరులో 1 నుండి 2 శాతము వరకు, అట్టి కార్మికులకుఁ జెల్లించు మొత్తములో 5 శాతమునకు మించకుండ, వారి సామాజిక భద్రతకై యొసఁగవలెనని విధించినది. ప్రమాదబీమా, ఆరోగ్యము, ప్రసూతి, వార్ధక్యరక్షణ మున్నగు పథకములకు దీనివలన దారి యేర్పడినది. ఇట్టివారికై రాజస్థాన్ 2023లోనే ప్రత్యేక శాసనము చేసియుండెను.

అయినను, 2025 నవంబరు 21ననే అమలైన వేతనస్మృతి కర్మాగారపు కార్మికునికి ఇచ్చిన కనీసవేతనపు హక్కు గిగ్ కార్మికునికి సంక్రమింపలేదు. దినమెల్లఁ దిరిగి, పెట్రోలు ఖర్చు పోఁగా చేత మిగులు కూలికి ఒక కనిష్ఠపరిమితి యైనను లేకుండుట ఘోరమైన లోపమని నా దృఢాభిప్రాయము.